అనదర్ వరల్డ్ 20వ వార్షికోత్సవ ఎడిషన్: 1991 నాటి ఆటకి దగ్గరగా రావాలంటే ఏం పెట్టుకోవాలి?

పాతఫ్లాపీ
అనదర్ వరల్డ్ వీడియోగేమ్ 20వ వార్షికోత్సవ ఎడిషన్ పీసీ మీద ఆడుతున్నా. మూడు చోట్ల చిక్కుపడింది. ఒకటి, హెచ్‌డీ బొమ్మ పెడితే వెనక రాళ్ళూ గోడలూ సన్నటి గీతలతో నిండుగా కనిపిస్తున్నాయి, ముందున్న లెస్టర్ (మనం ఆడించే మనిషి) మాత్రం రంగు కాగితం కత్తిరించి అంటించినట్టున్నాడు. పాత బొమ్మకి మారిస్తే ఆ ఎబ్బెట్టు పోతోంది గానీ పిక్సెళ్ళు కొన్ని లావు, కొన్ని సన్నం. రెండు, ఆ నల్ల మృగం తరిమేటప్పుడు పరుగులో దూకడం సగానికి సగం సార్లు కుదరట్లేదు. మూడు, కష్టం స్థాయిలు మూడు ఇచ్చారు, అసలు ఆటకి సరితూగేది ఏది? అమిగా కంప్యూటర్ మీద 1991లో వచ్చినదానికి వీలైనంత దగ్గరగా కావాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

పసుపుమేఘం
మూడోదానికి జవాబు చిన్నది. నార్మల్ అంటే అసలుకన్నా తేలిక. డిఫికల్ట్ అంటే పాత ఆటతో సమానం. హార్డ్‌కోర్ పాతదానికన్నా కష్టం. పేర్లు చూసి చాలామంది నార్మల్ అంటే అసలుది అనుకుంటారు, కాదు. డిఫికల్ట్ పెట్టుకోండి.

బహుభుజి
మొదటి ప్రశ్నకి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది ఎడిషన్ చేసినవాళ్ళ అజాగ్రత్త కాదు.

ఈ ఆటలో మనుషులూ మృగాలూ స్ప్రైట్లు (ముందే గీసి పెట్టిన పిక్సెల్ బొమ్మలు) కావు. ప్రతి కదలికా ఒకే రంగు నింపిన బహుభుజుల గుంపు. ఆట చేసిన ఎరిక్ షాయీ కామ్‌కార్డర్‌తో వీడియో తీసి, దాన్ని జెన్‌లాక్ (వీడియోని కంప్యూటర్ బొమ్మతో కలిపే పరికరం) ద్వారా అమిగా తెర మీదికి తెచ్చి, ఒక్కో ఫ్రేమ్ మీద మూలలు గుర్తుపెట్టి గీశాడు. బిట్‌మ్యాప్‌గా, అంటే పిక్సెల్ పిక్సెల్‌గా దాస్తే ఆ యానిమేషన్ అంతా ఫ్లాపీల్లో పట్టే ప్రశ్నే లేదు. మూలల స్థానాలు మాత్రమే దాస్తే పడుతుంది. ఆ మూలలన్నీ 320×200 తెరకి లెక్కేసినవి.

320×200లో లెస్టర్ ముఖం అంటే గుప్పెడు పిక్సెళ్ళు. కన్ను ఒక చుక్క. ఆ చుక్కల్ని మన కన్ను కలిపి ముఖంగా చదువుకుంటుంది. అదే బహుభుజిని 1280×800లో గీస్తే అంచు కత్తిలా వస్తుంది, మూలలు మాత్రం పాత చోటే ఉంటాయి. కొత్త వివరం ఎక్కణ్ణించీ రాదు. వెనక దృశ్యాల్ని షాయీ కూర్చుని మళ్ళీ గీశాడు కాబట్టి వాటిలో వివరం పెరిగింది. యానిమేషన్ మొత్తం మళ్ళీ గీయడం వేరే స్థాయి పని. మీ కంటికి తగిలింది ఆ రెండిటి మధ్య అంతరమే.

పాతఫ్లాపీ
@బహుభుజి అంటే హెచ్‌డీలో అది ఎప్పటికీ పోదన్నమాట. సరే, పాత బొమ్మే ఖాయం. మరి ఆ లావూసన్నం పిక్సెళ్ళ సంగతి?

ఐదురెట్లు
మీ తెర 1920×1080 అయ్యుంటుంది. లెక్క చూడండి. 200 లైన్లని 1080కి సాగదీస్తే 5.4 రెట్లు. పిక్సెల్‌ని 5.4 ముక్కలుగా చూపించలేం కదా, అందుకని కొన్ని లైన్లు 5, కొన్ని 6 అవుతాయి. లెస్టర్ నడుస్తుంటే కాళ్ళ దగ్గర చిన్న వణుకు కనిపించేది కూడా అందుకే.

సరిగ్గా 5 రెట్లు పెడితే 1600×1000. పైన 40, కింద 40 లైన్లు నల్లగా మిగులుతాయి. పిక్సెళ్ళన్నీ సమానం. 2560×1440 తెర అయితే 7 రెట్లు, 2240×1400. 3840×2160 అయితే 10 రెట్లు, 3200×2000. గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల్లో ఇంటీజర్ స్కేలింగ్ (పూర్ణాంక రెట్లలోనే పెంచడం) ఉంటే అది వేసి, ఆట రిజల్యూషన్ తగ్గించి పెట్టండి. లేకపోతే విండోలో ఆడటం మేలు.

15వ వార్షికోత్సవ ఎడిషన్‌కి 2006లో 1280×800 పెట్టుకోవడం కూడా ఊరికే కాదు. అది సరిగ్గా నాలుగు రెట్లు.

మోడ్13
@ఐదురెట్లు లెక్క బాగుంది, ఆకారం తప్పు. 320×200 ఆట 4:3 తెర మీద నిండుగా కనిపించాలి. వీజీఏలో (అప్పటి పీసీ గ్రాఫిక్స్ పద్ధతి) పిక్సెల్ చదరం కాదు, వెడల్పుకన్నా ఎత్తు 1.2 రెట్లు. 16:10లో ఆడితే లెస్టర్ పొట్టిగా, బండగా అవుతాడు. డాస్ వర్షన్‌ని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆటల్ని నడిపే ప్రోగ్రాం) ఆస్పెక్ట్ సెట్టింగ్ ట్రూ పెట్టి నడిపి, పక్కపక్కన పెట్టి చూడండి.

అమిగా500
ఇది డాస్ వాళ్ళ వాదన. ఆట పుట్టింది ఫ్రాన్స్‌లో, పాల్ (యూరప్ టీవీ పద్ధతి) అమిగా మీద. పాల్ అమిగాలో తెర నిండాలంటే 256 లైన్లు కావాలి. 200 లైన్ల ఆట వేస్తే 56 లైన్ల జాగా ఖాళీగా మిగులుతుంది. అంటే పిక్సెల్ దాదాపు చదరం, బొమ్మ దాదాపు 16:10. షాయీ వీడియో మీద మనుషుల్ని గీసింది ఆ తెర మీదే. కాబట్టి మనిషి కొలతలు సరిగ్గా ఉండేది చదరం పిక్సెల్‌లోనే. 4:3కి సాగదీస్తే లెస్టర్ పొడుగైపోతాడు. అమెరికాలో అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అమిగా మీద, డాస్ మీద ఆడినవాళ్ళు పొడుగు లెస్టర్‌ని చూశారు, అదే సరైందనుకున్నారు.

మోడ్13
అప్పట్లో ఎక్కువమంది చూసింది పొడుగు లెస్టర్‌నే అయితే, జ్ఞాపకంలో ఉన్నది అదే కదా. పాతఫ్లాపీ అడిగింది కూడా పాత ఆట అనుభవమే.

అమిగా500
ఆయన అడిగింది అమిగా. పోస్టు మళ్ళీ చదవండి.

ఐదురెట్లు
ఇద్దరికీ పనికొచ్చేది ఒకటి చెప్తా. 4:3 కావాలనుకుంటే 1600×1200 పెట్టండి: అడ్డంగా 5, నిలువుగా 6. రెండూ పూర్ణాంకాలే, వణుకు రాదు. 1280×960 మాత్రం వద్దు, నిలువుగా 4.8 అవుతుంది. 1600×1200కి తెర ఎత్తు కనీసం 1200 ఉండాలి కాబట్టి 1080 తెర మీద కుదరదు, అక్కడ పాల్ ఆకారమే శుభ్రంగా వస్తుంది.

రెండోబటన్
రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. పరుగులో దూకుడు పడకపోవడం ఆట తప్పు కాకపోవచ్చు, ముందు కీబోర్డును అనుమానించండి. పరిగెత్తాలంటే దిక్కు బాణం + స్పేస్. దూకాలంటే వాటితోపాటు పై బాణం. అంటే మూడు కీలు ఒకేసారి. మామూలు రబ్బరు పొర కీబోర్డుల్లో కీలన్నీ అడ్డం నిలువు తీగల గళ్ళలో ఉంటాయి. కొన్ని మూడు కీల జతల్లో మూడోది కంట్రోలర్‌కి తెలియదు. పై బాణం + ఎడమ బాణం + స్పేస్ అలా దెబ్బతినే జతల్లో బాగా పేరుపడ్డది. మృగం తరిమినప్పుడు పరిగెత్తేది ఎడమకే!

పరీక్ష: నోట్‌ప్యాడ్ తెరిచి, పై బాణం, ఎడమ బాణం రెండూ నొక్కి పట్టుకుని స్పేస్ కొట్టండి. ఖాళీ పడకపోతే అదే జబ్బు.

మందు: యాక్షన్ కీని స్పేస్ నుంచి కంట్రోల్‌కో షిఫ్ట్‌కో మార్చండి. ఆ కీలకి చాలా కీబోర్డుల్లో విడి తీగ ఉంటుంది, మిగతావాటితో తగువు రాదు. షిఫ్ట్ ఎంచుకుంటే విండోస్‌లో స్టిక్కీ కీస్ ఆపేయండి, లేకపోతే ఐదుసార్లు కొట్టగానే పెట్టె తెరుచుకుని ఆట మధ్యలో అడ్డం నిలబడుతుంది.

పాతఫ్లాపీ
@రెండోబటన్ నోట్‌ప్యాడ్‌లో ఖాళీ పడలేదు! కుడి బాణంతో పడుతోంది, ఎడమతో పడట్లేదు. కంట్రోల్‌కి మార్చాను, దూకుడు ఇప్పుడు ప్రతిసారీ వస్తోంది. మృగం మాత్రం ఇంకా పట్టేసుకుంటోంది.

చీకటిగుహ
ఎక్కడ పట్టుకుంటోంది? ఆ ఘట్టం మొత్తం వరసగా రాస్తా, ఎక్కడ తప్పుతోందో చూసుకోండి.

నీళ్ళలో పడగానే వెంటనే పైకి. ఒక్క క్షణం చూస్తూ ఉన్నా కింద నుంచి తీగల చేతులు లాగేస్తాయి. గట్టెక్కాక కూడా అంచున నిలబడొద్దు, అక్కడికీ వస్తాయి. కుడికి వెళ్తే నేల మీద పురుగులు. వాటిని దగ్గరికి రానిచ్చి యాక్షన్‌తో తన్నాలి. మరీ ముందు తన్నితే కాలు గాల్లో పోతుంది, ఆలస్యమైతే అది కాలు కోస్తుంది, అంతే సంగతి. పైనుంచి జారేవి ఉన్నచోట కిందే నిలబడకుండా వెనక్కి జరిగి, నేల మీద పడ్డాక తన్నండి. ముఖ్యం ఇది: వెళ్ళేటప్పుడే నేల మీద ఉన్నవాటిని ఒక్కటీ వదలకండి. తిరుగు పరుగు ఈ దారిలోనే.

మృగం ఎదురవగానే ఆలోచించకుండా ఎడమకి తిరిగి పరుగు. మొదట పడ్డ నీటి గుంట తెర కూడా దాటి, ఇంకా ఎడమకి. చివర కొండ అంచు. అక్కడ ఆగకుండా పరుగులోనే దూకాలి. లెస్టర్ తీగ పట్టుకుంటాడు, అది ఊగి అతణ్ణి మళ్ళీ వెనక్కి, మృగానికి అవతలి పక్కకి చేరుస్తుంది. దిగగానే కుడికి పరుగు. మొదటిసారి ఆడేవాళ్ళు చాలామంది నీటి గుంట దగ్గరే ఆగి దారి వెతుకుతారు. దారి ఇంకో తెర అవతల ఉంది.

పాతఫ్లాపీ
పురుగుల్ని రెండిటిని వదిలేశాను, తిరుగు దారిలో వాటి మీదే పడుతున్నా. ఇప్పుడు అర్థమైంది.

పసుపుమేఘం
తర్వాత ఎలాగూ అడుగుతారు కాబట్టి: పంజరంలో వేలాడుతున్నప్పుడు ఎడమ కుడి ఒక లయలో నొక్కుతూ ఊపండి. లయ తప్పితే ఊపు తగ్గిపోతుంది. పడ్డాక నేల మీది తుపాకీ వెంటనే తీసుకోవాలి, పంజరంలో తోడున్న గ్రహాంతర మిత్రుడు పక్కన ఉన్నాడు కదా అని ఆగితే పని కాదు.

చీకటిగుహ
తుపాకీ గురించి ఒక మాట, ఎందుకంటే ఆటలో ఎక్కడా నేర్పరు. తెర మీద ఒక్క అక్షరం, ఒక్క అంకె ఉండదు. టక్కున నొక్కి వదిలితే మామూలు దెబ్బ. నొక్కి పట్టుకుంటే మొన మీద కాంతి గోళం పుడుతుంది. అది చిన్నగా ఉండగానే వదిలితే ముందు కవచం నిలబడుతుంది. ఇంకా పట్టుకుంటే గోళం పెరిగి, వదలగానే పెద్ద పేలుడు. మామూలు దెబ్బలకి కవచం కొంతసేపు ఆగుతుంది, పెద్ద పేలుడుకి ఒక్కసారికే పోతుంది. కాబట్టి ఎదుటివాడి చేతిలో గోళం పెరుగుతోందంటే మీ కవచం మీద ఆశ పెట్టుకోకండి, పక్కకి తప్పుకోండి, లేదా వాడు వదిలేలోపు రెండో కవచం వేయండి. గోడలూ తలుపులూ పగలగొట్టేదీ పెద్ద పేలుడే. అది తుపాకీలో శక్తిని తినేస్తుంది, దారిలో నింపుకునే చోటు వచ్చేదాకా పొదుపు చేయండి.

ఒక్క బటన్‌తో పరుగు, తన్ను, కాల్పు, కవచం, పేలుడు! ఒకే బటన్ ఉన్న జాయ్‌స్టిక్ కోసం ఆలోచించిన పద్ధతి అది. ఇప్పటి కంట్రోలర్‌లో పన్నెండు బటన్లు ఉన్నా దీనికి ఇంకోటి కలపాలనిపించదు.

తీగలేనిది
వైర్‌లెస్ కంట్రోలర్‌తో టీవీ మీద ఆడేవాళ్ళకి: టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బొమ్మ ఆలస్యంగా వస్తుంది, గోళం చిన్నగా కనిపించేసరికి అసలు గోళం పెద్దదైపోయి ఉంటుంది. కవచం వేయబోతే పేలుడు వస్తోందంటే తప్పు వేలిది కాదు, టీవీది.

బైట్‌కోడ్
అసలు ఆటకే దగ్గరగా పోవాలనుంటే ఇంకో దారి ఉంది. ఈ ఆట లోపల ఒక చిన్న వర్చువల్ మెషిన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన ఊహా కంప్యూటర్. షాయీ ఆటనంతా తన సొంత స్క్రిప్టు భాషలో రాసి, దాన్ని బైట్‌కోడ్‌గా మార్చాడు. ఒక్కో యంత్రానికి ఆ బైట్‌కోడ్ నడిపే చిన్న ప్రోగ్రాం మాత్రం రాస్తే ఆట అక్కడికి వచ్చేస్తుంది. ఇన్ని యంత్రాల మీదికి ఇన్నిసార్లు రాగలగడానికి కారణం అదే. మెషిన్‌లో 64 దారాలు (పక్కపక్కనే నడిచే చిన్న పనులు), 256 వేరియబుళ్ళు, బొమ్మకి 4 పేజీలు. అంతే.

రివర్స్ ఇంజినీరింగ్ చేసిన రా అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ దొరుకుతుంది. దానికి డాస్ ఆటలోని మెమ్‌లిస్ట్ ఫైలు, బ్యాంక్ 01 నుంచి 0డి వరకు 13 ఫైళ్ళు ఒకే ఫోల్డర్‌లో కావాలి. ఒక్కటి తక్కువైనా ఆ భాగం రాగానే ఆగిపోతుంది, మొదట్లో బాగానే నడిచి మోసం చేస్తుంది. ఫైళ్ళు సొంతంగా కొన్న కాపీ నుంచే తీసుకోండి. భాగం సంఖ్య ఇచ్చి నేరుగా అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు: 16000 కాపీ రక్షణ తెర, 16001 పరిచయం, 16002 నీళ్ళు, 16003 చెర, అలా 16007 చివరి ఘట్టం.

పాతఫ్లాపీ
కాపీ రక్షణ తెర అంటే ఆ చక్రమేనా?

బైట్‌కోడ్
అదే. పెట్టెలో కోడ్ చక్రం ఉండేది, తెర మీది గుర్తులకి తగ్గట్టు తిప్పి జవాబు ఇవ్వాలి. 16001 నుంచి మొదలుపెడితే ఆ తెర రాదు. ఆ తర్వాతి ఎడిషన్లకి చక్రం అవసరమే లేదు.

బహుభుజి
@బైట్‌కోడ్ చెప్పిన మెషిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది రంగుల పని. తెర మీద ఒక్కసారికి 16 రంగులే. అయినా పరిచయంలో కారు లైట్ల వెలుగు నేల మీద పారదర్శకంగా పడుతుంది. ఎలా? బహుభుజి రంగు సంఖ్య 16 అని ఇస్తే ఇంజిన్ రంగు నింపదు, కింద ఉన్న పిక్సెల్ సంఖ్యలో ఒక బిట్ మాత్రం పైకి లేపుతుంది. అంటే 0 నుంచి 7 వరకు ఉన్న రంగు 8 నుంచి 15లో దాని జంటకి మారుతుంది. పై ఎనిమిదింటిని కింది ఎనిమిదింటికి వెలుగు పడ్డ రూపాలుగా పేర్చుకుంటే చాలు, గుణకారం లేకుండా పారదర్శకత వచ్చేస్తుంది. పాత బొమ్మలో లైట్ల ఘట్టం ఒకసారి ఆపి చూడండి, వెలుగులో ఉన్న నేలా నీడలో ఉన్న నేలా ఒకే ఆకారం, రంగు జంట మాత్రం మారింది.

సూపర్‌కార్ట్రిడ్జ్
సూపర్ నింటెండో వర్షన్ సంగతి ఎవరూ ఎత్తలేదే. అందులో ఆట పొడుగునా సంగీతం ఉంది, వాతావరణం బాగుంటుంది.

అమిగా500
@సూపర్‌కార్ట్రిడ్జ్ అక్కడే ఒప్పుకోను. అసలు ఆటలో సంగీతం దాదాపు మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే. జాన్-ఫ్రాన్స్వా ఫ్రెయిటాస్ చేసింది. మధ్యలో అంతా అడుగుల చప్పుడు, గాలి, దూరంగా ఏదో తలుపు. వెనక నుంచి మృగం వస్తోందా, సైనికుడు వస్తోన్నాడా అని చెవితో ఆడాలి. పాట వేస్తే ఆ చప్పుళ్ళు కప్పబడిపోతాయి. అమెరికాలో ఆటని విడుదల చేసిన ఇంటర్‌ప్లే పరిచయ సంగీతం మారుద్దామంటే, ఉన్నదే ఉంచండని షాయీ రెండు కొసలు అతికించిన కాగితం చుట్టతో ఆగని ఫ్యాక్స్ పంపానని తనే చెప్పాడు. అందుకే ఎడిషన్‌లో ధ్వని కూడా ఒరిజినల్‌కి మార్చుకోమంటా.

సూపర్‌కార్ట్రిడ్జ్
ధ్వని విషయం సరే. కానీ ఆ పోర్టుని చిన్నచూపు చూడొద్దు. ఆ యంత్రానికి బహుభుజులు గీయడం చేతకాదు, టైల్స్ (చిన్న చదరపు బొమ్మ ముక్కలు) కోసం చేసిన చిప్ అది. సూపర్ ఎఫ్ఎక్స్ లాంటి సాయం చిప్ లేకుండా, నెమ్మది రోమ్ కార్ట్రిడ్జ్ నుంచి 2.68 మెగాహెర్ట్జ్‌లో నడిచే కోడ్‌తో రెబెకా హైన్‌మన్ దాన్ని నిలబెట్టింది. మెమరీ నకలు చేసే సూచనని డీఎంఏ (మెమరీ బదిలీ చేసే భాగం) రిజిస్టర్లలోనే రాసి, అక్కణ్ణించి నడిపితే 3.58 మెగాహెర్ట్జ్ వేగం దక్కేది. చూసేవాళ్ళకి నెమ్మదిగానే ఉంటుంది, నిజమే. అది నడవడమే గొప్ప.

అమిగా500
ఆ డీఎంఏ సంగతి కొత్తగా తెలిసింది. ఆ పని మీద గౌరవం ఉంది, ఆడటానికి మాత్రం సిఫారసు చేయను. స్నానాల గదిలో బొమ్మల్ని కూడా మార్చారు అందులో.

పసుపుమేఘం
3డీఓ కన్సోల్ వర్షన్‌లో వెనక దృశ్యాలన్నీ బొమ్మలుగా వేసి పెట్టారు. హెచ్‌డీలో కనిపించే కాగితం లెస్టర్ సమస్య 1994లోనే ఉందన్నమాట! సెగా సీడీ కన్సోల్‌లో అదే ఏడాది దీని కొనసాగింపు ఆట హార్ట్ ఆఫ్ ది ఏలియన్ వచ్చింది, అందులో ఆడేది మిత్రుడితో.

మోడ్13
డాస్ వర్షన్‌కి ఒక మేలుంది, అది ఒప్పుకోవాలి. అమిగాలో ఆట చిన్నదని, 1992లో డాస్‌కి వచ్చేటప్పుడు ఒక కొత్త భాగం కలిపాడు షాయీ. అమిగా మాత్రమే అసలైంది అంటే ఆ భాగం వదులుకోవాలి.

అమిగా500
అది కలిపిందీ షాయీనే కాబట్టి దానికి అభ్యంతరం లేదు. పొడుగు లెస్టర్‌కే అభ్యంతరం.

పాతఫ్లాపీ
ఇప్పుడు నా సెట్టింగులు: డిఫికల్ట్, పాత బొమ్మ, ఒరిజినల్ ధ్వని, 1600×1000 విండో, యాక్షన్ కంట్రోల్ కీ మీద. మృగం దాటాను, పంజరం దాటాను, లిఫ్ట్ దగ్గరున్నాను. కిందికి వెళ్ళాలని తెలుస్తోంది. పైకి వెళ్తే ఏమైనా ఉందా?

చీకటిగుహ
పైకి వెళ్ళండి. తీసుకోవడానికి ఏమీ లేదు, చంపడానికి ఎవరూ లేరు. కిటికీ దగ్గరికి నడిచి ఊరుకోండి.

పాతఫ్లాపీ
చూశాను. పదహారు రంగుల్లో ఊరంతా పరిచేశాడు. చాలాసేపు అక్కడే నిలబెట్టాను.

బహుభుజి
అక్కడే ఒకసారి హెచ్‌డీకి మార్చి మళ్ళీ వెనక్కి రండి. ఆ ఒక్క తెరలో మాత్రం కొత్త బొమ్మ నాకూ ఇష్టమే. లెస్టర్ వీపు తిప్పి ఉంటాడు కాబట్టి కాగితం ముఖం అడ్డురాదు.

పాతఫ్లాపీ
నిజమే, అక్కడ బాగుంది. ముందు ఇంకెక్కడైనా జాగ్రత్త పడాలా? మొత్తం చెప్పేయకండి.

చీకటిగుహ
ఒక్కటే చెప్తా. ముందు ఒకచోట వేలాడే ఆకుపచ్చ గోళాలు వస్తాయి. మనకి కనిపించకుండా కింద సైనికుడు ఒకడు అటూ ఇటూ నడుస్తుంటాడు. గోళంలో వాడి నీడ కదులుతుంది. ముందు కాల్చకుండా ఆ నీడని రెండుసార్లు వెళ్ళి రానివ్వండి, ఎంతసేపటికి గోళం కిందికి వస్తున్నాడో లెక్కపెట్టుకుని అప్పుడు గోళాన్ని కాల్చండి.

ఐదురెట్లు
ఆ నీడ పాత బొమ్మలో కొద్ది పిక్సెళ్ళే. 5.4 రెట్లలో ఆడితే వణుకులో కలిసిపోతుంది. విండో 1600×1000లోనే ఉంచండి.